అడ్డగీత, నిలువుగీత

యాభై ఏళ్లు పాట కట్టిన మనిషిని అభిమానించడం తేలిక కాదు. పదేళ్లు వెలిగి వెళ్లిపోయినవాడి మీద ప్రేమకు మచ్చ పడదు. చెడిపోయేంతకాలం అతను మన ముందు ఉండడు కదా. తంటా అంతా ఉండిపోయినవాడితోనే. కొత్త పాట వచ్చినప్పుడల్లా పాతవన్నీ లేచి వచ్చి దాని పక్కన నిలబడతాయి. అభిమానులు రెండు వర్గాలవుతారు. “ఇక అయిపోయింది” అని ఒకరంటే “మీకు అర్థం కాలేదు” అని ఇంకొకరంటారు. ఈ వాదాన్ని పనిలేనివాళ్ల కాలక్షేపం కింద కొట్టేయడం నాకు నచ్చదు. ఒక పాటను శ్రద్ధగా విన్నవాడికే అందులో ఎక్కడ తేడా వచ్చిందో చెప్పాలనిపిస్తుంది. విననివాడికి ఏ గొడవా ఉండదు.

పాశ్చాత్య దేశాల్లో ఈ వాదాలు ఎక్కువగా రాక్ బ్యాండ్ల చుట్టూ నడిచాయి. మెటాలికా వాళ్లు 1996లో జుట్లు కత్తిరించుకుని, పాటల వేగం తగ్గించి ‘లోడ్’ తెచ్చినప్పుడు మొదలైన గొడవ ఇంకా ఆరలేదు. 2003లో అదే బృందం ‘సెయింట్ యాంగర్’ తెచ్చింది. గిటార్ సోలోలు తీసేశారు. స్నేర్ డ్రమ్ము అడుగున ఉండే తీగలను వదిలేసి వాయించారు. ఆ ఖంగుమనే మోతను ఇరవయ్యేళ్ల తర్వాత కూడా సమర్థించేవాళ్లు కొద్దిమందే. రేడియోహెడ్ సంగతి వేరు. వాళ్లు 2000లో గిటార్లను పక్కన పెట్టి ‘కిడ్ ఎ’ చేసినప్పుడు తలలు పట్టుకున్న విమర్శకులు, పదేళ్లు తిరిగేసరికి దాన్నే ఆ దశాబ్దపు మేటి ఆల్బమ్‌ల వరసలో పెట్టారు. వీళ్లందరికంటే ముందు, ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్న పాపానికి 1966లో మాంచెస్టర్ కచేరీలో ప్రేక్షకుల్లోంచి ఒకడు బాబ్ డిలన్‌ను క్రీస్తును పట్టించిన యూదా పేరుతో పిలిచి అరిచాడు. ఆ కచేరీ రికార్డింగు ఇవాళ రాక్ సంగీతంలో గొప్పవాటి సరసన ఉంది. అన్నీ తప్పటడుగులని పేరుపడ్డవే. కాలం కొన్నింటిని ఒప్పుకుంది, కొన్నింటిని ఒప్పుకోలేదు.

మన తెలుగులో అలా దశాబ్దాల పాటు జనం నాలుకల మీద నిలిచిన రాక్ బ్యాండ్ లేదు. ఆ చోట సినిమా సంగీత దర్శకుడు, అతని వెనక వయొలిన్లు, గిటార్లు, తబలాలు పట్టుకున్న వాద్యబృందం ఉన్నారు. సూరత్‌లో మావాళ్ల మధ్య ఆ చోటు ఇళయరాజాది.

మావాళ్లంటే సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గం బతుకు సాగక ఇక్కడికి వచ్చిన పద్మశాలీలు, వాళ్ల వెంట వచ్చిన మిగతా కులాలవాళ్లు. షోలాపూర్‌కు, భివండీకి పోయినట్టే సూరత్‌కూ వచ్చారు. లింబాయత్, ఉధనా, డిండోలీ వైపు గల్లీల్లోకి వెళ్తే దుకాణం బోర్డుల మీద తెలుగు కనిపిస్తుంది. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ ఏడు భాషల్లో బడులు నడుపుతుంది, అందులో తెలుగు ఒకటి. నేను చదివింది అలాంటి బడిలోనే. నగరంలో లక్షల్లో ఉన్న మరమగ్గాల మీద (వాటిని మేం సాంచాలంటాం) నేసేవాళ్లు, కండెలు చుట్టేవాళ్లు, తయారైన బట్టను పరచి చూసేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. నేను ఆ చివరి రకం. పచ్చి బట్టను, అంటే రంగుల మిల్లుకు పోకముందు గ్రే బట్టను, వెలుతురు మీద లాగి లోపాలు పట్టడం నా పని.

ఎనభైల్లో ఊరి నుంచి ఎవరు వచ్చినా సంచిలో రెండు మూడు క్యాసెట్లు ఉండేవి. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఎక్కినవాణ్ణి సూరత్‌లో దించితే, పచ్చడి సీసాల పక్కన ఆ క్యాసెట్లూ దిగేవి. కొన్నవి కావు. రికార్డింగ్ సెంటర్‌లో చీటీ మీద పాటల పేర్లు రాసిచ్చి, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో నింపించుకున్నవి. ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. చివరి పాట చోటు చాలక రెండో చరణం నడుమ తెగిపోయేది. మా ఇంట్లో ‘అభిలాష’ పాట ఒకటి అలా తెగిన చోటే ముగిసేది. ఆ తర్వాత పూర్తి పాట విన్నప్పుడు మిగతా చరణం ఎవరో కొత్తగా అతికించినట్టు తోచింది.

‘సీతాకోక చిలుక’ 1981, ‘సాగర సంగమం’ 1983, ‘సితార’ 1984, ‘అన్వేషణ’ 1985, ‘స్వాతిముత్యం’ 1986, ‘రుద్రవీణ’ 1988, ‘గీతాంజలి’ 1989, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990. ఇది తెలుగు లెక్క మాత్రమే. తమిళం, మలయాళం, కన్నడం కలిపితే ఏడాదికి పదుల సినిమాలు. ‘సాగర సంగమం’కూ ‘రుద్రవీణ’కూ జాతీయ అవార్డులు వచ్చాయి. అవార్డులకంటే నేను గట్టిగా చెప్పుకునేది ఒకటుంది. మొదటి చరణానికి ముందు వచ్చే వాద్యభాగాన్ని ఆయన సాధారణంగా రెండో చరణానికి ముందు మళ్లీ వాడరు. అక్కడ ఇంకో ఆలోచన వస్తుంది. కింద బేస్ గిటార్ తన సొంత పాట తాను పాడుకుంటూ పోతుంది. గొంతు తీసేసి అది ఒక్కటే విన్నా ఒక బాణీ వినిపిస్తుంది. మూడు నిమిషాల సినిమా పాటలో ఇంత పని ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. అడక్కుండా చేసినందువల్లనే మావాళ్లు ఆయన్ను గుండెకు హత్తుకున్నారు.

మరి ఎక్కడ చెడింది? మా చిన్నబాపు దగ్గర తేదీతో సహా జవాబు ఉంది. 1992. ఆ ఏడు ‘చంటి’ వచ్చింది, ఊళ్లూ వాడలూ ఊగిపోయాయి. అదే ఏడు ‘రోజా’ వచ్చింది. ఇళయరాజా దగ్గరే కీబోర్డు వాయించిన కుర్రాడు రహ్మాన్ అయి వచ్చాడు. “గానాటి సంది రాజా సార్ పాటలల్ల ప్రాణం లేదురా” అంటాడు చిన్నబాపు. “గా రోజులల్ల పాట పెడితే సాంచాల సప్పుడు ఇనబడకపోయేది.”

చిన్నబాపు ఊరు విడిచి సూరత్‌కు వచ్చింది కూడా 1992లోనే. వాదంలో ఎవరూ ఎత్తని సంగతి ఇది. కొన్నేళ్లుగా నేను జాగ్రత్తగా గమనిస్తూ వచ్చాను. ఎవరు ఏ ఏడు ఊరు విడిచారో, దాదాపు ఆ ఏటికే వాళ్లకు ఇళయరాజా అయిపోయారు. ముందు వచ్చినవాళ్లకు ‘గీతాంజలి’ కూడా కొంచెం మెత్తన. తర్వాత వచ్చినవాళ్లు ‘అంతఃపురం’ దాకా ఒప్పుకుంటారు. ఇక్కడే పుట్టిన మా మేనల్లుడికి ఏ ఏడూ అడ్డం కాదు. ఇళయరాజా పాటలన్నీ వాడికి ఫోన్‌లో ఒకేసారి వచ్చాయి. పన్నెండు గంటల షిఫ్ట్‌లో సాంచాల మధ్య నిలబడ్డ మనిషి చెవిలో మోగే పాట వెనక ఊరి బొడ్రాయి ఉంటుంది, వదిలి వచ్చిన పిల్ల ఉంటుంది. కొత్త పాటలో అవి ఉండవు. లేవని కోపం వస్తుంది. ఆ కోపం పాట మీదికి మళ్లుతుంది. ఇది చిన్నబాపు తప్పు అని నేను అనను. వలస వచ్చినవాడికి పాట ఒక్కటే ఖర్చు లేకుండా ఊరు చేర్చే బండి. కానీ ఒక స్వరకర్త మీద తీర్పు చెప్పేటప్పుడు మన విరహాన్ని ఆయన ఖాతాలో రాయడం న్యాయం కాదు.

ఆ విరహాన్ని పక్కకు తీసేశాక కూడా అసలు ఫిర్యాదు కొంత మిగులుతుంది. దాని దగ్గరికే వస్తున్నాను.

నా పనిలో లోపాలు రెండు రకాలు. బట్టను వెలుతురు మీద లాగుతుంటే అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. పేక తప్పింది అన్నమాట. సాంచా ఆగి మళ్లీ నడిచినప్పుడో, కండె మార్చినప్పుడో ఇది పడుతుంది. కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కానీ ఆ ఒక్క చోటే. రెండోది నిలువుగీత. పడుగులో ఒక పోగు తెగింది. పేక తెగితే సాంచా దానంతటదే ఆగుతుంది. పడుగు పోగు తెగితే పాత సాంచాలు ఆగవు. పది సాంచాలు చూసుకునే కారిగర్ ఆ వైపు వచ్చి గమనించేదాకా నేత నడుస్తూనే ఉంటుంది. మీటర్ల కొద్దీ సన్నటి ఖాళీ. దూరం నుంచి చూస్తే బట్ట బాగానే ఉంటుంది. వంద మీటర్ల తాకాలో, అంటే బట్ట చుట్టలో, ఎక్కువ నష్టం చేసేది ఇదే.

పాటల విషయంలోనూ నేను ఈ తేడా పట్టుకునే మాట్లాడతాను. తొంభైల నడుమ వచ్చిన ఇళయరాజా పాటల్లో చాలావాటిలో నాకు నిలువుగీత కనిపిస్తుంది. అంతకుముందు పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఒకే గదిలో ఒకే ఊపిరిగా రికార్డు చేసేవాళ్లు. చేత్తో రాసిన స్వరపత్రం చూసి వయొలిన్లు కదిలేవి. ఆ తర్వాత వయొలిన్ల బృందం చేయాల్సిన పని కీబోర్డు మీదికి వచ్చింది. తాళం యంత్రంలోంచి వచ్చింది. యంత్రం తప్పు కాదు, దాంతోనే రహ్మాన్ కొత్త లోకం చూపించారు. కానీ తీగల కోసం రాసిన ఆలోచనను కీబోర్డు మీద వాయిస్తే ఆ ఆలోచన పలచబడింది. బాణీ అందంగానే ఉండేది, గొంతూ బాగానే ఉండేది, లోపల ఒక పోగు లేదు. ఏడాది తర్వాత ఏడాది అలా నడిచింది. సినిమాలు వస్తూనే ఉన్నాయి, కాబట్టి ఎవరూ ఆపలేదు. ఆయన చేసిన తప్పటడుగు ఏదని నన్నడిగితే ఈ తొందర కాలాన్నే చూపిస్తాను. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ మాట దాచలేను.

అయితే ఆ కాలం చివర, 2000లో, ‘హే రామ్’ సినిమా కూడా వచ్చింది. అప్పటికే వేరే సంగీత దర్శకుడి పాటలతో చిత్రీకరణ జరిగిపోయింది. నటుల పెదవుల కదలికకు సరిపోయేలా ఇళయరాజా కొత్త పాటలు కట్టి ఇచ్చారు. తెర మీద పెదవులు ఒక పాట పాడాయి, మనం ఇంకో పాట విన్నాం, తేడా తెలియలేదు. “అయిపోయింది” అన్నవాళ్లు ఆ పని ఎలా జరిగిందో నాకు వివరించాలి.

ఇక అభిమానులు గట్టిగా కొట్టుకున్నది 2012లో. గౌతమ్ మీనన్ సినిమా, నాని, సమంత, తమిళంలో వేరే హీరో. ‘ఎటో వెళ్లిపోయింది మనసు’. ఎనిమిది పాటలు. తెలుగు మాటలు అనంత శ్రీరామ్ రాశారు. విదేశీ సింఫనీ వాద్యకారులు, ముందుకు వచ్చి కొట్టే డ్రమ్ కిట్, రాక్ పాటల్లో వినే ఎలక్ట్రిక్ గిటార్. డెబ్బైకి చేరువైన మనిషి ఇరవయ్యేళ్ల ప్రేమికుల గొడవకు పాట కట్టారు. మా ఇంట్లో ఆ రోజుల్లో జరిగిన వాదం నాకింకా గుర్తే.

“డ్రమ్ముల కింద గొంతు మునిగిపోయింది. ఇది రాజా సార్ చేసిన పాటేనా?” అన్నాడు మా బావ.

“మూడుసార్లు ఇను బావా, వయొలిన్లు ఎక్కడికి పోతున్నయో చూడు” అన్నాను.

“మూడుసార్లు ఇంటే గని ఎక్కని పాట నాకెందుకు? ‘గీతాంజలి’ ఒక్కసారికే ఎక్కింది.”

అప్పటికి మేనల్లుడు బడి పిల్లాడు, ఏమీ అనలేదు. పెద్దయ్యాక ఒకసారి ఇదే వాదం మళ్లీ లేస్తే వాడు నాతో అన్నాడు: “వాళ్లకు ‘గీతాంజలి’ మళ్ల కావాలె మామా. ఆయన దగ్గర అది లేదు. 89లనే ఇచ్చేసిండు.”

బావ మాటలో నిజం లేదనను. ఆ ఆల్బమ్‌లో ధ్వని కూర్పు కొన్నిచోట్ల గరుకుగా ఉంది. కొన్ని గొంతులు బాణీ బరువు మోయలేకపోయాయి. మొదటి వరసకూ రెండో వరసకూ మధ్య శ్రోత ఊపిరి తీసుకునే చోటు లేదు. అయినా నా లెక్కలో ఇది అడ్డగీత. సాంచాను ఆపి, కండె మార్చి, కొత్త నూలుతో మొదలుపెట్టినప్పుడు పడిన గీత. కావాలంటే పాత పద్ధతిలో, పాత రాగాలతో ఎనిమిది పాటలు కట్టి ఇవ్వడం ఆయనకు చేతకానిది కాదు. మనం చప్పట్లు కొట్టేవాళ్లం కూడా. ఆ దారి పట్టనందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఒక నెమ్మది పాటలో పల్లవి తర్వాత తీగలన్నీ ఒక్కసారిగా లేచి, మనం ఊహించిన చోట దిగకుండా ఒక మెట్టు పక్కకు దిగుతాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని, చేతిలో బట్ట ఆపి, ఆ చోటును నేను వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. తొంభైల పాటల్లో నేను వెతికి దొరకని పోగు అక్కడ ఉంది.

రహ్మాన్‌కూ ఇలాంటిదే ఒకటి జరిగింది, మా గల్లీ వరకు అది ఇంకా దగ్గరి సంగతి. 2021లో బతుకమ్మ కోసం తెలంగాణ జాగృతి సంస్థవాళ్లు ఆయనతో పాట చేయించారు. మిట్టపల్లి సురేందర్ రాశారు, చిత్రీకరణ మళ్లీ గౌతమ్ మీనన్‌దే. సూరత్‌లో మా ఆడవాళ్లు ఏటా బతుకమ్మ ఆడతారు. పూలు దొరక్కపోతే మార్కెట్లన్నీ తిరిగి తెచ్చి పేరుస్తారు. ఆ పాట మీద మా అక్క తీర్పు ఒక్క మాట: “ఇనడానికి మంచిగుంది, ఆడడానికి రాదు.” చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే లెక్కకు పాట నడక కుదరలేదని ఆమె ఉద్దేశం. నేను చదివిన సంగీత విమర్శల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ. ఆమె రహ్మాన్‌ను తిట్టలేదు, పాత రోజులను తలచుకుని నిట్టూర్చనూ లేదు. పాట ఏ పనికి వచ్చిందో ఆ పనిలో పెట్టి చూసింది. అభిమానుల వాదం ఇలా ఉంటే ఎంత బాగుంటుంది!

మామూలుగా మన వాదం అలా ఉండదు. ఒకవైపు భక్తులు ఉంటారు. వాళ్ల దృష్టిలో ఆయన ఏం చేసినా గొప్పదే, నచ్చకపోతే లోపం మన చెవిది. ఇంకోవైపు దశాబ్దాల పనిని ఒక్క తేదీ గీసి రెండు ముక్కలు చేసేవాళ్లు ఉంటారు. ఇద్దరూ వినడం మానేసినవాళ్లే. భక్తుడు వినకుండానే దండం పెడతాడు. రెండోవాడు వినకుండానే సంతాపం చెప్తాడు. ముప్పై ఏళ్ల పాటలు కంఠతా వచ్చిన మా బావ లాంటివాడు ఈ రెండో గుంపులో చేరినప్పుడు నాకు నిజంగా బాధగా ఉంటుంది. బావ చెవి అంత మంచిది.

1993లో ఇళయరాజా లండన్ రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో ఒక సింఫనీ రికార్డు చేశారు. అది బయటికి రాలేదు. తొంభైల నడుమ నేను చెప్పిన ఆ తొందర పాటలకు ఒక ఏడాదో రెండేళ్లో ముందు, సినిమాలో ఎవరూ అడగని పనికి ఆయన కూర్చున్నారు. అది శ్రోతలకు చేరి ఉంటే ఆ దశాబ్దాన్ని మనం ఇంకోలా లెక్కగట్టేవాళ్లమేమో. 2025 మార్చి 8న ఆయన కొత్త సింఫనీ ‘వేలియంట్’ లండన్‌లో మోగింది. అప్పటికి ఆయన వయసు ఎనభై ఒకటి. ఆ వయసులో పాత పాటల కచేరీలు చేసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఆ కచేరీలూ చేస్తున్నారు, జనం కిక్కిరిసి వస్తున్నారు కూడా. వాటి పక్కన ఇంత పెద్ద కొత్త పని పెట్టుకోవడానికి కావలసిన మొండితనమే 2012లోనూ పనిచేసిందని నా నమ్మకం. ఆ మొండితనం లేకపోతే ‘గీతాంజలి’ కూడా వచ్చేది కాదు. ‘సాగర సంగమం’ లాంటి పేరు వచ్చాక దాన్నే ఆరుసార్లు తిరగరాసుకుంటూ కూర్చోవచ్చు. కూర్చోలేదు కాబట్టే ఆరేళ్ల తర్వాత ‘గీతాంజలి’ వచ్చింది.

సాంచాల మోతలో ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని పన్నెండు గంటలు నిలబడే శ్రోతకు ఇళయరాజా మీద తీర్పు చెప్పే హక్కు నిండుగా ఉంది. ఆ పాటలతోనే వాళ్లు రాత్రి షిఫ్ట్‌లు గడిపారు. అందుకే వాళ్ల తీర్పు సరిగ్గా ఉండాలని నేను పట్టుబడతాను. తెగిన పోగును చూపించండి, తొందరలో నేసిన మీటర్లను లెక్కపెట్టండి. కొత్త నూలు ఎక్కించిన చోట పడిన గీతను మాత్రం ఆ లెక్కలో కలపకండి.

‘ఎటో వెళ్లిపోయింది మనసు’ నా లెక్కలో ఆయన గత పాతికేళ్లలో చేసినవాటిలో ‘శ్రీరామరాజ్యం’ సినిమా పాటల కంటే సాహసమైన పని, సగానికి పైగా నెగ్గిన పని. మీరు 2012లో ఒకసారి విని పక్కన పెట్టినవారైతే, ఎనిమిది పాటలూ వరసగా మరోసారి వినండి. అప్పటికీ నచ్చకపోతే ఏ పాటలో, ఏ చోట నచ్చలేదో చెప్పండి. ఆ మాట వినడానికి లింబాయత్‌లో మేం చాలామందిమి ఉన్నాం.